రిపేర్ పూర్తయింది.. సంతకాలూ పడ్డాయి.. గాల్లోకి లేచాకే బయటపడ్డ తప్పు! విమానాల టెస్ట్ ఫ్లైట్‌లో అసలేం చూస్తారు?

కుడివైపు తిప్పితే విమానం ఎడమవైపు ఒరుగుతోంది. ఎడమవైపు తిప్పితే కుడివైపు ఒరుగుతోంది. చుట్టూ దట్టమైన మేఘాలు. లోపల ఆరుగురు. ఏం జరుగుతోందో పైలట్లకు అర్థం కావడం లేదు. ఒక దశలో సముద్రంలో దించేద్దామనే ఆలోచన దాకా వెళ్లారు.

ఇది సినిమా సీన్ కాదు. 2018 నవంబర్ 11న పోర్చుగల్‌లో నిజంగా జరిగింది. ఆ విమానం మీద పిడుగు పడలేదు. ఇంజిన్ ఫెయిల్ కాలేదు. అప్పుడే పెద్ద సర్వీసింగ్ పూర్తి చేసుకుని, అంతా ఓకే అని కాగితాల మీద రాయించుకుని హ్యాంగర్ నుంచి బయటికి వచ్చింది. తప్పు ఆ సర్వీసింగ్‌లోనే జరిగింది. నేల మీద ఉన్నంతసేపు ఎవరి కంటా పడలేదు.

మెయింటెనెన్స్‌లో జరిగే తప్పుల్లో ప్రమాదకరమైనవి ఇలాంటివే. పార్ట్ విరగదు, ఊడిపోదు, పొగ రాదు. చూడ్డానికి అన్నీ సరిగ్గానే ఉంటాయి. గాల్లోకి వెళ్లాకే అసలు సంగతి తెలుస్తుంది. మరి ఇలాంటి తప్పులను ప్రయాణికులు ఎక్కకముందే ఎలా పట్టుకుంటారు? అందుకోసం చేసే టెస్ట్ ఫ్లైటే ప్రమాదంగా మారిన సందర్భాలు ఎందుకున్నాయి? వివరంగా చూద్దాం.

టెస్ట్ ఫ్లైట్ అంటే ఏంటి?

కొత్త మోడల్ విమానాన్ని తయారు చేసినప్పుడు కంపెనీ టెస్ట్ పైలట్లు చేసేది ఒక రకం. ఇక్కడ చెప్పుకునేది అది కాదు. ఇప్పటికే సర్వీసులో ఉన్న విమానానికి పెద్ద మరమ్మతు చేశాక, ప్రయాణికులు లేకుండా ఒకసారి ఎగరేసి చూస్తారు. దీన్నే మెయింటెనెన్స్ చెక్ ఫ్లైట్ అంటారు. లీజు ముగిసి విమానాన్ని యజమానికి తిరిగి అప్పగించే ముందు కూడా ఇలాంటి ఫ్లైట్ చేస్తారు.

ప్రతి రిపేర్ తర్వాతా ఇలా ఎగరేసి చూస్తారనుకుంటే పొరపాటే. టైరు మార్చినా, పంపు మార్చినా నేల మీద చేసే పరీక్షలే సరిపోతాయి. గాల్లో తప్ప తేలని విషయం ఉంటేనే, మాన్యువల్ అడిగితేనే, లేదా ఎయిర్‌లైన్ కావాలనుకుంటేనే చెక్ ఫ్లైట్ ఉంటుంది. అంటే చాలా సందర్భాల్లో సర్వీసింగ్ తర్వాత జరిగే మొదటి మామూలు ప్రయాణమే అసలు పరీక్ష అవుతుంది.

పోర్చుగల్‌లో ఏం జరిగింది?

కజకిస్తాన్‌కు చెందిన ఎయిర్ అస్తానా సంస్థ ఎంబ్రాయర్ 190 విమానం అది. లిస్బన్ దగ్గర్లోని అల్వెర్కాలో సీ-చెక్ అనే భారీ సర్వీసింగ్ పూర్తయింది. అక్కడి నుంచి స్వదేశానికి బయల్దేరింది. విమానంలో ముగ్గురు పైలట్లు, ముగ్గురు టెక్నీషియన్లు ఉన్నారు. ప్రయాణికులు లేరు.

విమానం పక్కకు ఒరగాలంటే రెక్కల చివర్లో ఉండే కదిలే పలకలు పనిచేయాలి. వీటిని ఐలరాన్లు అంటారు. పైలట్ కుడివైపు తిప్పితే కుడి రెక్క మీది పలక పైకి లేవాలి, ఎడమ రెక్క మీది పలక కిందికి దిగాలి. అప్పుడు విమానం కుడివైపు ఒరుగుతుంది. ఈ విమానంలో పైలట్ తిప్పే స్టీరింగ్ లాంటి యోక్ నుంచి కదలిక కేబుళ్ల ద్వారా ఐలరాన్ల దాకా వెళ్తుంది. సర్వీసింగ్‌లో ఆ కేబుళ్లు మార్చారు. బిగించేటప్పుడు అటుది ఇటు, ఇటుది అటు అయ్యాయి.

అంతటితో అయిపోలేదు. ఒరగడానికి సాయపడే స్పాయిలర్లు అనే మరికొన్ని పలకలు ఎలక్ట్రానిక్ సంకేతాలతో నడుస్తాయి. అవి సరిగ్గానే పనిచేస్తున్నాయి. అంటే పైలట్ కుడి అనగానే స్పాయిలర్లు కుడికి, ఐలరాన్లు ఎడమకు లాగుతున్నాయి. ఒకే బండికి కట్టిన రెండు ఎడ్లు చెరో దిక్కుకు లాగినట్టు అయింది పరిస్థితి.

విమానం అడ్డదిడ్డంగా ఊగిపోయింది. పైలట్లు ఎమర్జెన్సీ ప్రకటించారు. పోర్చుగల్ వైమానిక దళం ఎఫ్-16 విమానాలను తోడు పంపింది. కంట్రోల్ సిస్టమ్‌ను డైరెక్ట్ మోడ్‌లోకి మార్చాక పరిస్థితి కొంత మెరుగైంది. బెజా ఎయిర్‌బేస్‌లో రెండుసార్లు ల్యాండింగ్‌కు ప్రయత్నించి మళ్లీ పైకి లేపారు. మూడోసారి దిగగలిగారు. అది కూడా ముందు అనుకున్న రన్‌వే మీద కాదు, పక్కనే ఉన్న మరో రన్‌వే మీద. ఆరుగురూ ప్రాణాలతో బయటపడ్డారు.

దర్యాప్తులో తేలిన అసలు విషయం ఇంకా ఆశ్చర్యపరుస్తుంది. సర్వీసింగ్ చివర్లో కాక్‌పిట్ స్క్రీన్ మీద ఫ్లైట్ కంట్రోల్స్‌లో లోపం ఉందని, ఈ స్థితిలో బయల్దేరొద్దని మెసేజ్ వచ్చింది. కారణం కోసం 11 రోజులు వెతికారు. తయారీ సంస్థ సాయమూ తీసుకున్నారు. కానీ కేబుళ్లు తిరగబడ్డాయన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. టేకాఫ్‌కు ముందు పైలట్లు చేసే కంట్రోల్ చెక్‌లోనూ దొరకలేదు. విమానం తన జబ్బు తానే చెప్పింది. వినాల్సిన వాళ్లు మరో చోట వెతికారు.

అర మీటరు దూరంలో తప్పిన ముప్పు

ఇలాంటిదే 2001 మార్చి 20న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగింది. ఈసారి విమానంలో ప్రయాణికులు ఉన్నారు. లుఫ్తాన్సా ఏ320 విమానం టేకాఫ్ అయిన వెంటనే కొంచెం ఎడమవైపు ఒరిగింది. కెప్టెన్ సరిచేయడానికి సైడ్‌స్టిక్‌ను కుడివైపు అన్నారు. విమానం ఇంకా ఎడమవైపు ఒరిగింది. రెక్క చివర నేలకు దాదాపు అర మీటరు ఎత్తు దాకా దిగిపోయింది.

అంతలో పక్కనున్న కో-పైలట్ తన స్టిక్‌తో కంట్రోల్ తీసుకున్నారు. ఆయన స్టిక్ సరిగ్గానే పనిచేసింది. విమానాన్ని పైకి తీసుకెళ్లాక మెల్లగా పరీక్షించి చూస్తే, కెప్టెన్ వైపు స్టిక్ ఒక్కటే ఉల్టా పనిచేస్తోందని తేలింది. విమానం క్షేమంగా వెనక్కి వచ్చి దిగింది.

కారణం? అంతకుముందు మెయింటెనెన్స్‌లో ఒక కనెక్టర్ రిపేర్ చేశారు. అందులో వైర్లు తారుమారయ్యాయి. స్టిక్ కదిపితే పలకలు కదిలాయి. కానీ ఏ వైపు కదిలాయన్నది ఎవరూ పట్టుకోలేకపోయారు.

నోటి మాటతో నార్విచ్‌లో..

2009 జనవరి 12. ఇంగ్లండ్‌లోని నార్విచ్ సమీపంలో ఈజీజెట్ సంస్థ బోయింగ్ 737 విమానం మెయింటెనెన్స్ తర్వాత చెక్ ఫ్లైట్‌లో ఉంది. లీజు ముగింపు కూడా దగ్గర్లో ఉంది. ఇద్దరు పైలట్లు, ఇద్దరు పరిశీలకులు.. మొత్తం నలుగురే ఉన్నారు.

పరీక్షలో భాగంగా 15 వేల అడుగుల ఎత్తులో కంట్రోల్స్‌కు వెళ్లే హైడ్రాలిక్ పవర్ ఆపేశారు. హైడ్రాలిక్స్ పూర్తిగా పోయినా, కేవలం చేతి బలంతో విమానాన్ని నడపగలమా లేదా చూసే పరీక్ష ఇది. కారులో పవర్ స్టీరింగ్ ఆపేసి నడిపి చూడటం లాంటిది. కొంచెం బరువుగా అనిపించాలి, అంతే.

కానీ విమానం ఒక్కసారిగా ముక్కు కిందికి వాల్చేసి దూసుకుపోయింది. ఒక దశలో నిమిషానికి 20 వేల అడుగులకు పైగా వేగంతో కిందికి పడిపోతోంది. మామూలు ప్రయాణంలో విమానం దిగే వేగం నిమిషానికి సుమారు 2 వేల అడుగులు. దాదాపు 9 వేల అడుగులు కోల్పోయాక, మరో 6 వేల అడుగుల లోపే మిగిలి ఉండగా పైలట్లు అదుపులోకి తెచ్చారు. ఎవరికీ గాయాలు కాలేదు.

తోకలోని ఎలివేటర్‌కు బ్యాలెన్స్ ట్యాబ్ అనే చిన్న పలక ఉంటుంది. చేత్తో నడిపేటప్పుడు బలం తగ్గించేది అదే. మెయింటెనెన్స్‌కు ముందు జరిపిన ఫ్లైట్‌లో కంట్రోల్ కాస్త బరువుగా ఉందని కెప్టెన్ గమనించారు. హద్దుల్లోనే ఉన్నా సరిచేస్తే బాగుంటుందని చెప్పారు. ఆ మాట పక్కాగా రాతలోకి ఎక్కలేదు. చేతులు మారి హ్యాంగర్‌కు చేరేసరికి ట్యాబ్‌ను సరిచేయాల్సిన దిశకు వ్యతిరేకంగా తిప్పేశారు. చిన్న లోపం పెద్ద ప్రమాదమైంది.

హైడ్రాలిక్ పవర్ ఉన్నంతసేపు ఈ తప్పు బయటికి కనిపించదు. ఆ బలం దాన్ని కప్పేస్తుంది. అంటే ఈ చెక్ చేయకపోతే, విమానం అదే తప్పుతో ప్రయాణికులను మోసేది. నిజంగా హైడ్రాలిక్స్ పోయిన రోజు మాత్రమే తెలిసేది. టెస్ట్ ఫ్లైట్ అవసరం ఏంటో ఈ ఒక్క ఘటన చాలు చెప్పడానికి.

ఏడుగురిని బలిగొన్న నీటి చుక్కలు

అన్ని కథలూ క్షేమంగా ముగియలేదు. 2008 నవంబర్ 27న ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్ దగ్గర ఒక ఏ320 విమానం మధ్యధరా సముద్రంలో కూలిపోయింది. అందులో ఉన్న ఏడుగురూ చనిపోయారు.

ఎయిర్ న్యూజిలాండ్‌కు చెందిన ఈ విమానాన్ని ఎక్స్ఎల్ ఎయిర్‌వేస్ జర్మనీ లీజుకు తీసుకుంది. గడువు ముగియడంతో తిరిగి అప్పగించే ముందు చెక్ ఫ్లైట్ చేశారు. విమానంలో ఇద్దరు జర్మన్ పైలట్లు, న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఐదుగురు ఉన్నారు. వారిలో ఒక పైలట్, ముగ్గురు ఇంజినీర్లు, అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఉద్యోగి ఒకరు.

ఫ్లైట్‌కు మూడు రోజుల ముందు విమానాన్ని నీళ్లతో కడిగారు. విమానం ముక్కు భాగంలో గాలి ఏ కోణంలో తగులుతోందో కొలిచే సెన్సర్లు ఉంటాయి. కడిగే ముందు వాటిని కప్పాలి. ఎక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టకూడదు. ఆ జాగ్రత్తలు పాటించలేదు. సెన్సర్ల లోపలికి నీరు చేరింది. 32 వేల అడుగుల ఎత్తుకు వెళ్లాక ఆ నీరు గడ్డకట్టింది. మూడు సెన్సర్లలో రెండు కదలకుండా ఒకే చోట ఆగిపోయాయి.

ఇక్కడే అసలు మెలిక ఉంది. మూడు సెన్సర్లలో ఒకటి తేడాగా చెబితే దాన్ని పక్కనపెట్టి, మిగిలిన రెండింటినీ నమ్మేలా కంప్యూటర్‌ను తయారు చేశారు. మామూలుగా ఇది మంచి పద్ధతే. కానీ ఆ రోజు రెండు సెన్సర్లు దాదాపు ఒకే తప్పు చెప్పాయి. నిజం చెబుతున్న మూడో సెన్సర్‌ను కంప్యూటర్ పట్టించుకోలేదు. ముగ్గురు సాక్షుల్లో ఇద్దరు ఒకే అబద్ధం చెబితే తీర్పు ఎటు పోతుందో అదే జరిగింది.

తిరిగి వస్తుండగా పైలట్లు స్లో స్పీడ్ పరీక్ష మొదలుపెట్టారు. వేగం బాగా తగ్గితే రెక్కలకు గాలి పట్టు తప్పి విమానం పడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. ఆ పరిస్థితి రాకముందే ఏ320 కంప్యూటర్ అడ్డుపడాలి. అది పనిచేస్తోందా లేదా అన్నదే పరీక్ష. కానీ ఆ రోజు అడ్డుపడాల్సిన వ్యవస్థకు తప్పుడు సమాచారం అందుతోంది. అది కదల్లేదు.

మరో పొరపాటు ఎత్తు విషయంలో జరిగింది. సుమారు 14 వేల అడుగుల దగ్గర చేయాల్సిన పరీక్షను 3 వేల అడుగుల ప్రాంతంలో చేశారు. మామూలు ట్రాఫిక్ ఉన్న ఆకాశంలో ఇలాంటి పరీక్షలకు ముందస్తు అనుమతి కావాలి. అది లేకపోవడంతో పైలట్లు ప్రోగ్రామ్‌ను అప్పటికప్పుడు మార్చుకుంటూ వెళ్లారు. స్టాల్ అయ్యాక కోలుకోవడానికి తగినంత ఎత్తు మిగల్లేదు.

దాగిన తప్పు మెయింటెనెన్స్ వాళ్లది. దాన్ని పట్టుకోవాల్సిన పరీక్షను సరైన చోట, సరైన పద్ధతిలో చేయకపోవడంతో ఆ తప్పు ప్రాణాలు తీసింది. వ్యవస్థ పనిచేస్తుందనే నమ్మకంతో కాదు, పనిచేయకపోవచ్చనే అనుమానంతోనే పరీక్ష చేయాలి. పెర్పిన్యాన్ నేర్పిన పాఠం ఇదే.

ఇంతమంది చూసినా ఎందుకు దొరకదు?

ఈ నాలుగు ఘటనల్లోనూ కొన్ని పోలికలు ఉన్నాయి.

మొదటిది, ఏ పార్టూ విరిగిపోలేదు. కదలాల్సినవి కదిలాయి, లైట్లు వెలగాల్సిన చోట వెలిగాయి. కదులుతోందా అని చూడటం వేరు. ఎటు కదులుతోందో చూడటం వేరు. రోజూ చేసే చెక్‌లో కన్ను మొదటి ప్రశ్నకు జవాబు దొరకగానే ఆగిపోతుంది.

రెండోది, కప్పేసే వ్యవస్థలు. హైడ్రాలిక్ పవర్, కంప్యూటర్లు, స్పేర్ సెన్సర్లు.. ఇవన్నీ భద్రత కోసమే. కానీ అవే ఒక్కోసారి లోపాన్ని దాచేస్తాయి. నొప్పి మాత్ర వేసుకుంటే జబ్బు తగ్గినట్టు అనిపించడం లాంటిది ఇది.

మూడోది, చేతులు మారే సమాచారం. పగటి షిఫ్ట్ మొదలుపెట్టిన పని రాత్రి షిఫ్ట్ ముగించొచ్చు. పైలట్ చెప్పింది ఇంజినీర్ దగ్గరికి, ఇంజినీర్ నుంచి టెక్నీషియన్ దగ్గరికి వెళ్లొచ్చు. మధ్యలో ఒక్క మాట జారితే చాలు.

నాలుగోది, ఒకరి మీద ఒకరికి ఉండే నమ్మకం. ముందు వాళ్లు చూశారుగా అని తర్వాతి వాళ్లు, తర్వాత వాళ్లు చూస్తారుగా అని ముందు వాళ్లు అనుకుంటే, కాగితం మీద ఎన్ని సంతకాలున్నా నిజంగా ఎవరూ చూడనట్టే.

మరి ఏం మారింది?

ఫ్లైట్ కంట్రోల్స్ లాంటి కీలక పనులకు ఇండిపెండెంట్ ఇన్‌స్పెక్షన్ అనే పద్ధతి ఉంది. పని చేసిన వ్యక్తి కాకుండా, ఆ పనితో సంబంధం లేని మరో అర్హుడైన వ్యక్తి మొదటి నుంచి మళ్లీ చూడాలి. కంట్రోల్ పూర్తిగా, సరైన దిశలో కదులుతోందా అని చూసి సంతకం పెట్టాలి. అయితే పోర్చుగల్ ఘటన చెబుతున్నట్టు, పద్ధతి ఉంటే సరిపోదు. చూసే కన్ను కూడా కొత్తగా చూడాలి.

టెస్ట్ ఫ్లైట్ల విషయంలోనూ మార్పు వచ్చింది. పెర్పిన్యాన్, నార్విచ్ ఘటనల మీద దర్యాప్తు చేసిన ఫ్రాన్స్, బ్రిటన్ సంస్థలు ఇలాంటి ఫ్లైట్లకు స్పష్టమైన నియమాలు కావాలని సూచించాయి. 2019లో యూరోపియన్ యూనియన్ మెయింటెనెన్స్ చెక్ ఫ్లైట్ల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఈ ఫ్లైట్లను రెండు స్థాయిలుగా విడదీసింది. రిస్క్ ఎక్కువ ఉండే పరీక్షలకు ప్రత్యేక శిక్షణ, అనుభవం ఉన్న పైలట్లే ఉండాలి. ఏ పరీక్ష ఎలా చేయాలన్నది ముందే రాసుకోవాలి. ఇష్టం వచ్చిన వాళ్లను ఎక్కించుకోవడానికి వీల్లేదు.

సాధారణ ఎయిర్‌లైన్ పైలట్ ఎంత అనుభవజ్ఞుడైనా, ఆయనకు రోజూ అలవాటైన పని వేరు. లోపం లేని విమానాన్ని సాఫీగా నడపడం ఒక నైపుణ్యం. లోపం ఉండొచ్చనుకుని, అది బయటపడగానే వెంటనే వెనక్కి తగ్గడం మరో నైపుణ్యం. రెండో దానికీ శిక్షణ కావాలని ఒప్పుకోవడానికి ఇన్ని ఘటనలు జరగాల్సి వచ్చింది.

మన దగ్గర పరిస్థితి?

విమానాల మెయింటెనెన్స్ అనేది ఎక్కడో విదేశాల్లో జరిగే పని కాదు. హైదరాబాద్ శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ పరిధిలోనే జీఎంఆర్ ఏరో టెక్నిక్ లాంటి మెయింటెనెన్స్ కేంద్రాలు ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల నుంచి ఎందరో యువత ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ చదివి ఈ రంగంలోకి వెళ్తున్నారు. మన దేశంలో మెయింటెనెన్స్ సంస్థలకు డీజీసీఏ అనుమతి తప్పనిసరి. కార్-145 పేరుతో ఉన్న ఆ నిబంధనలు యూరప్ నిబంధనల తరహాలోనే రాసినవి. అంటే పోర్చుగల్ హ్యాంగర్‌లో జరిగిన తప్పు నుంచి నేర్చుకోవాల్సింది ఇక్కడి హ్యాంగర్లకూ అంతే ఉంటుంది.

ఇక ప్రయాణికుల సంగతి. ఈసారి రెక్క పక్క కిటికీ సీటు దొరికితే టేకాఫ్‌కు ముందు బయటికి చూడండి. విమానం రన్‌వే వైపు మెల్లగా వెళ్తున్నప్పుడు రెక్క చివరి పలక పైకి, కిందికి కదలడం కనిపిస్తుంది. పైలట్లు చేసే కంట్రోల్ చెక్ అదే. కొన్ని సెకన్లలో అయిపోతుంది. పైన చెప్పిన తిరగబడిన కేబుళ్లను నేల మీదే పట్టుకోగలిగిన ఆఖరి అవకాశం ఆ కొన్ని సెకన్లే.

టెక్నికల్ రీజన్ అని చెప్పి విమానం గంట ఆలస్యమైతే విసుగు రావడం సహజం. కనెక్షన్ ఫ్లైట్ పోవచ్చు, పెళ్లికి ఆలస్యం కావచ్చు. కానీ ఆ గంటలో హ్యాంగర్‌లో ఎవరో ఒకరు స్క్రీన్ మీది మెసేజ్‌ను పట్టించుకుని, కారణం తేలేదాకా సంతకం పెట్టనని ఆగి ఉండొచ్చు. అల్వెర్కాలో 11 రోజులు వెతికినా తేలని కారణం, గాల్లోకి లేచిన వెంటనే తెలిసొచ్చింది. అప్పటికి విమానంలో ఆరుగురు ఉన్నారు.